నోరీన్ వేసిన నాలుగు పాయింట్ ఒకటి

నోరీన్ గావ్లిక్‌కు కుళ్లు ఎక్కువ. ఈ మాట మేం ఆమె మొహం మీదే అనేవాళ్లం, ఆమె కాదనేది కాదు. ఇంకొకరి సమీక్ష బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట కాఫీ కూడా తాగేది కాదు.

షికాగోలో వెస్టర్న్ అవెన్యూ మీద, లాండ్రీ షాపు పైన ఉండేది మా పత్రిక గది. పెద్ద కంపెనీలు పట్టించుకోని బ్యాండ్ల ఆల్బములు విని, సమీక్ష రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేసి ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లం. ఏడు పాయింట్ మూడుకీ ఏడు పాయింట్ నాలుగుకీ తేడా ఏమిటని బయటివాళ్లు నవ్వేవారు. మేం మాత్రం ఆ తేడా కోసం గొంతులు చించుకునేవాళ్లం. నేను రాసేవాణ్ణి కాదు, అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి. నోరీన్ పగలు రికార్డుల షాపులో పనిచేసి, సాయంత్రం మా గదికి వచ్చేది.

అంతకుముందు ఆమె డ్రమ్స్ వాయించేది. థియా లింక్వెస్ట్ అనే స్నేహితురాలితో కలిసి ఇద్దరే ఒక బ్యాండు నడిపారు. థియా గిటారు పట్టి పాడేది. చర్చి బేస్‌మెంట్లలో, బంతి దొర్లించి ఆడే బౌలింగ్ హాళ్లలో, వినేవాళ్లు ఉన్నా లేకపోయినా చాలా ఏళ్లు వాయించారు. ఒకరోజు మిల్వాకీ ఊళ్లో వాయించి తిరిగొస్తుంటే కారులో థియా, "ఇకమీద నేను ఒక్కదాన్నే చేసుకుంటాను" అంది. కారణం చెప్పలేదు. నోరీన్ అడగలేదు. ఆ తర్వాత వాళ్లమధ్య మాటల్లేవు.

రెండు వేల నాలుగు చలికాలంలో థియా మొదటి సొంత ఆల్బం వచ్చింది. పేరు 'సాల్ట్ ట్రక్'. మంగళవారం మీటింగులో మా ఎడిటర్ డెల్ మార్కం సీడీల పెట్టె బల్ల మీద బోర్లించగానే నోరీన్ చెయ్యి ఆ సీడీ మీదే పడింది.

"ఇది నాకు."

"థియాదా? మీరిద్దరూ ఒకే బ్యాండు కదా?" అన్నాడు డెల్.

"ఒకప్పుడు. ఇప్పుడు మాటల్లేవు."

"స్నేహితుల ఆల్బములు రాయకూడదన్నది మన రూలు. శత్రువులవి కూడా రాయకూడదని గోడ మీద అంటించాలా?"

"శత్రువేమిటి? నాకు ఆవిడ ఎవరూ కాదు."

అందరం నవ్వాం. మిగతావాళ్ల చేతుల్లో అప్పటికే రెండేసి ఆల్బములున్నాయి. డెల్ సరేనన్నాడు.

వారం తర్వాత ఆమె సమీక్ష నా దగ్గరికొచ్చింది. దిద్దడానికి కూర్చుని, దిద్దడం మరిచిపోయి చదివాను. నోరీన్ అంత బాగా ఎప్పుడూ రాయలేదు. ముఖ్యంగా డ్రమ్స్ గురించి ఒక పేరా. ఈ ఆల్బంలో డ్రమ్స్ వాయించడానికి థియా డెట్రాయిట్ నుంచి ఒకతన్ని పిలిపించుకుంది. అతను వాయించిన చోట్లకన్నా వాయించకుండా వదిలేసిన చోట్ల గురించే ఎక్కువ రాసింది. పాట చివర థియా గొంతు సన్నబడి వణికేటప్పుడు ఏ దెబ్బా పడదట. ఇంకెవరైనా అయితే ఆ ఖాళీ చూసి భయపడి నింపేసేవాళ్లట. ఆ 'ఇంకెవరైనా' ఎవరో నాకు తెలుసు. మిల్వాకీ దారిలో అడగని ప్రశ్నకు జవాబు ఆమెకు ఆ పాటల్లో దొరికింది.

కింద మార్కులు చూస్తే నాలుగు పాయింట్ ఒకటి.

డెల్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఈ రాత చూస్తే ఎనిమిదిన్నర. అంకె చూస్తే తిట్టు. పాఠకుడు దేన్ని నమ్మాలి?"

"అంకెనే."

"అయితే రాత మార్చు. లేదా అంకె మార్చు. రెండూ కలిపి పంపితే మనల్ని చూసి నవ్వుతారు."

నోరీన్ నన్ను లేపి నా కుర్చీలో కూర్చుంది. బాగున్న వాక్యం ఒక్కొక్కటీ వెతికి తీసేసింది. డ్రమ్స్ పేరా దగ్గర నేను ఉండబట్టలేకపోయాను.

"అది ఉంచెయ్, నోరీన్. దానికోసమైనా..."

"నీ పని కామాలు చూడటం. చూసుకో."

పేరా పోయింది. దాని చోట 'ఒంటరిగా ఉండాలని తపించి, ఒంటరిగానే మిగిలిన ఆల్బం' అని ఒక వెటకారం వచ్చింది. జనానికి అదే నచ్చింది. చాలామంది దాన్ని ఎత్తి రాసుకున్నారు. థియా పాడాల్సిన ఊళ్లలో రెండు హాళ్లవాళ్లు మా అంకె చూసి వద్దనుకున్నారని తర్వాత విన్నాం. నోరీన్ సంతోషిస్తుందనుకున్నాను. ఆ వారమంతా రికార్డుల షాపులో, మధ్యాహ్నం తెచ్చుకున్న బీఫ్ శాండ్‌విచ్ ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చుందట.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం థియా ఆ షాపులోనే పాడాల్సి వచ్చింది. యజమాని ఎప్పుడో మాటిచ్చాడు. మైకు పెట్టాల్సిన పని నోరీన్‌దే. నేనూ వెళ్లాను. థియా బూట్ల మంచు దులుపుకుంటూ, గిటారు పెట్టె భుజాన వేసుకుని ఒక్కతే వచ్చింది.

"మైకు కొంచెం దించు. నువ్వెప్పుడూ ఎత్తే పెడతావు" అంది, నిన్న కూడా కలిసి వాయించినట్టు.

నోరీన్ దించింది.

"ఒక్క మాట అడుగుతా. అసలు నా ఆల్బం విన్నావా, లేదా?"

"విన్నాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు. పడుకునేదాకా అదే, లేవగానే అదే."

థియా ముఖం ఎర్రబడింది. "వినకుండా రాసుంటే పోనీలే అనుకునేదాన్నే. విని రాశావా! ఎందుకే అలా?"

"కుళ్లు. ఇంకేం లేదు."

"నా మీదా?"

"నీ మీద కాదు. ఆ డెట్రాయిట్ వాడి మీద. వాడు బాగా వాయించాడు. నేనలా వాయించలేను. నాకది ఇప్పుడు తెలిసింది."

థియా గిటారు తీగెలు బిగించడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అంది: "ఇవాళ వాడికి జ్వరం. రాలేదు. నిన్ను డ్రమ్స్ దగ్గర కూర్చోమంటాననుకుంటున్నావు కదూ?"

నోరీన్ వంగి మైకు వైరు సర్దింది.

"అనను. నాకింకా కోపం పోలేదు."

ఒక్కతే పాడింది. రికార్డుల అరల మధ్య కోట్లు వేసుకుని నిలబడ్డ జనం కదలకుండా విన్నారు. నోరీన్ గల్లాపెట్టె వెనక నిలబడింది. డ్రమ్స్ లేని పాటలో దెబ్బ పడాల్సిన ప్రతిచోటా ఆమె కనురెప్పలు అదిరాయి. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె కూడా కొట్టింది. సంతకాలు పెట్టేటప్పుడు థియా ఆమె వైపు చూడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "మైకు బాగుంది" అని యజమానితో చెప్పి వెళ్లింది.

మరుసటి మంగళవారం నోరీన్ డెల్‌తో, ఇకమీద రాస్తాను కానీ మార్కులు వేయనని చెప్పింది. "అంకె నువ్వే వేసుకో. నా చేతికి వద్దు." డెల్ ఒప్పుకున్నాడు. ఆనాటి అంకె మాత్రం మార్చలేదు. ఒకసారి వేసింది దిద్దకూడదన్నది మా ఇంకో రూలు.

పదేళ్లు గడిచాయి. లాండ్రీ మేడ వదిలి పెద్ద ఆఫీసుకు మారాం. 'సాల్ట్ ట్రక్' మళ్లీ అచ్చు వేశారు. ఈసారి అది మాటియో అనే కొత్త సమీక్షకుడికి వెళ్లింది. అతను ఎనిమిది పాయింట్ ఎనిమిది వేసి, కొత్త సైటుకు మార్చినప్పుడు రాసినవాళ్ల పేరు ఊడిపోయిన పాత సమీక్ష తెరిచి, గది మధ్యలో నిలబడి గట్టిగా అడిగాడు.

"దీనికి నాలుగు వేసిన తెలివితక్కువ మనిషి ఎవరండీ?"



"నేనే. నాలుగు కాదు, నాలుగు పాయింట్ ఒకటి" అంది నోరీన్.

అతని ముఖం పాలిపోయింది. క్షమాపణలు చెప్పబోతే ఆమె చెయ్యి ఊపి ఆపింది. అతను రాసింది తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివింది. చదివేకొద్దీ పెదవులు బిగుసుకున్నాయి. ఆ చూపు నాకు పాతదే. ఈసారి కుళ్లు థియా మీదా కాదు, డ్రమ్స్ అతని మీదా కాదు. ఆ ఆల్బం బాగుందని రాసే అవకాశం దొరికిన ఈ కుర్రవాడి మీద.

"బాగా రాశావు" అంది చివరికి, పళ్ల మధ్య నుంచి. "కానీ ఐదో పాటను చిన్నచూపు చూశావు. రెండు ముక్కల్లో తేల్చేశావు."

"అది కొంచెం సాగదీసినట్టు అనిపించిందండీ..."

"సాగదీయడమా! హెడ్‌ఫోన్లు తీసుకుని ఇటు రా."

మాటియో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఐదో పాట మీద వాళ్లిద్దరూ సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు.