పౌడరు పూయని దొర

పౌడరు డబ్బా మూత తీస్తే చాలు, నాకు గ్రేసమ్మ టీచర్ గుర్తొస్తారు. ఈ ఉదయం విరుదునగర్‌లో నేను చరిత్ర చెప్పే బళ్లో పిల్లలు నాటకానికి తయారవుతున్నారు. ఆ వాసన గదంతా కమ్మేసింది. అంతే, నా మనసు కోవిల్‌పట్టి ఆడపిల్లల బడికి, ఎనిమిదో తరగతికి వెళ్లిపోయింది.

గ్రేసమ్మ టీచర్ మా చరిత్ర టీచరు. పొట్టి మనిషి, గొంతు మాత్రం బస్టాండుదాకా వినిపించేది. మా క్లాసులో తెలుగిళ్ల పిల్లలం కొందరం ఉండేవాళ్లం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. "ఈ మన్ను మీది కాదు" అని తోటిపిల్లలు ఏడిపిస్తే, ఆమె పనిగట్టుకుని అందరి ముందూ మాతో తెలుగులోనే మాట్లాడేవారు. ఏ పాఠం ముగిసినా పుస్తకం మూసి ఒకటే ప్రశ్న: "ఈ పాఠంలో ఎవురు లేరు?" తెల్లదొరకు కప్పం కట్టనన్న పాలెగాడి పాంచాలంకురిచ్చి కోట పాఠం రోజు జవాబు ఆమే అందుకున్నారు. "అంత పెద్ద కోట్లో ఆడోళ్లే లేరా? మరి సంగటి ఎవురు కెలికిరి, ఆ తెల్లదొరా?" అన్నారు. కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఆ కోట కథనే ఏటా ఆగస్టులో నాటకంగా వేసేవాళ్లం. దొర వేషం తెల్లటి పిల్లకే. ఆ తెలుపు చాలదని మళ్లీ పౌడరొకటి! నాలాంటి నల్లపిల్లలం తెర లాగాలి. ఒక్కసారైనా స్టేజీ మెట్లెక్కి నలుగురి ముందూ మాట్లాడాలని నా ప్రాణం కొట్టుకునేది. ఆ ఏడు గ్రేసమ్మ టీచర్ దొర టోపీ తెచ్చి నా నెత్తిన పెట్టారు.

పెద్ద టీచర్ ఉలిక్కిపడ్డారు. "నల్లదొరా? జనం నవ్వరూ?"

"నవ్వనీండమ్మా. దొరతనం తోల్లో ఉందా?"

తెర తీయగానే జనం నిజంగానే నవ్వారు. ఈలలు కూడా వేశారు. నేను చెప్పాల్సిన మాట మరిచిపోయాను. పక్కనుంచి గ్రేసమ్మ టీచర్ గొంతు వినిపించింది: "నగనీ తల్లీ! నువ్వు కప్పం అడుగు!" కాలు నేలకేసి కొట్టి అడిగాను. రెండోసారి అడిగేసరికి నవ్వులు అణిగిపోయాయి.

నాటకమయ్యాక అమ్మ వచ్చింది, అగ్గిపెట్టెల కంపెనీ నుంచి నేరుగా. నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మే, అచ్చం మా కంపెనీ మేస్త్రి మాదిరే అరిస్తివే! నాకు గుండె దడదడలాడె" అంది.

గ్రేసమ్మ టీచర్ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. కొంగుతో తుడుచుకుంటూ, "ఇంటివా తల్లీ? దొర ఇంకా పోలేదంట!" అన్నారు.

ఆమె ఇప్పుడు లేరు. అయినా, పాఠం ముగించి పుస్తకం మూసినప్పుడల్లా నా పక్కనే నిలబడ్డట్టుంటుంది. ఈ ఉదయం ఎర్రగా బుర్రగా ఉన్న పిల్ల ఒకతి దొర వేషం పౌడరు కోసం నా ముందుకు ముఖం ఎత్తి పెట్టింది. వెనక తెర తాడు పట్టుకుని నల్లటి పిల్ల ఒకతి మా వైపే చూస్తోంది. డబ్బా మూత బిగించి, దొర టోపీ చేతిలోకి తీసుకుని, ఆ వెనక పిల్లను రమ్మన్నాను.

"నేనా మిస్? నవ్వుతారు మిస్," అంది తమిళంలో.

"నగనీ తల్లీ! నువ్వు కప్పం అడుగు," అన్నాను. నాకు తెలియకుండానే తెలుగు వచ్చేసింది.

పాపం, ఆ పిల్లకు తెలుగు ముక్క రాదు. టోపీ మాత్రం చేయి చాచి అందుకుంది.