బకెట్ ఎత్తినప్పటి గుండె

రాయదుర్గం మెట్రో పక్కన ఉన్న మా ఆఫీసులో ఛాతీకి అంటించే పట్టీ తయారుచేసేవాళ్ళం. అది గుండె కొట్టుకోవడాన్ని గ్రాఫుగా గీస్తుంది. పరీక్షకు మా మేనేజరుకి ఎప్పుడూ ఏసీలో కదలకుండా కూర్చునే మనుషులే కావాలి. చెయ్యి కదిపితే కండరాల సిగ్నల్ గుండె గీత మీద పడి అంతా గజిబిజి అవుతుంది. అలాంటి రికార్డును ఆయన చెత్త అని తీసేయించేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆయన ముఖం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

మా ఫ్లోర్ తుడిచే పాలమూరు ఆవిడ ఒకరోజు పరీక్షకు కూర్చుంది. గ్రాఫు ముచ్చటగా వచ్చింది. పట్టీ తీస్తుంటే ఆమె అంది, "కూసుంటే ఏం గాదు సార్. బకెట్ ఎత్తినప్పుడే గుండె దడదడ కొట్టుకుంటది, కండ్లు తిరుగుతయి."

పట్టీ మళ్ళీ అంటించి పనికి పొమ్మన్నాను. సాయంత్రం చూస్తే ఏమీ దొరకలేదు. పూటంతా కలిపి ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో లెక్కేస్తే, కాసేపే వచ్చి పోయినది అందులో కలిసిపోతుంది. అందుకని రికార్డును చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీ ఉందో రంగుల పటంగా గీశాను. బకెట్ ఎత్తిన చోట పైభాగమంతా కండరాల మరకలు. వాటి కింద, అప్పటిదాకా సమంగా నడిచిన గుండె గీత ఒక్కసారిగా పైకెగిరి, చెదిరిపోయి, కాసేపటికి మళ్ళీ దిగింది. బకెట్ ఎత్తిన ప్రతిసారీ అంతే.

మేనేజరుకి చూపించాను.

"అదంతా మజిల్ నాయిస్ అండి. డిలీట్ చేసేయండి," అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు గంటసేపు వాదించాను. ఆవిడ పడిపోతే ఎవరిది బాధ్యత అంటే, "మనం డాక్టర్లం కాదు కదండీ," అన్నాడు. ఆ మాట నిజమే కావడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

పటాన్ని ప్రింటు తీసి చేతికిచ్చి, ఆమెను దవాఖానకు పంపాను. రెండో రోజే మళ్ళీ బకెట్‌తో కనిపించింది. ఆమె పని చూసే సూపర్‌వైజర్ చేతిలో, దవాఖానవాళ్ళు నార్మల్ అని రాసిన రిపోర్టు.

"ఏం లేదన్నరు గదా, ఇగ పని జేస్కో," అంటున్నాడు ఆమెతో.

ఏమైందని అడిగాను.

"మీ కాయిదం చూడనే లేదు సార్. పండుకోబెట్టి, కదలకు అని ఈసీజీ తీసిన్రు. పండుకుంటే నాకేమైతది?"

నా టేబుల్ మీద మా పరీక్ష నిబంధనల కాగితం ఉంది. పరీక్ష జరిగినంతసేపూ కదలరాదు, అన్నది మొదటి వాక్యం. మేనేజరును ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వాక్యం రాసింది నేనే. గ్రాఫు శుభ్రంగా వస్తుందని రాశాను.

బకెట్ ఆమె చేతిలోంచి లాక్కున్నాను. దాన్ని ఆటోలో ఆమె పక్కనే పెట్టి, నేనూ ఎక్కి, మళ్ళీ దవాఖానకే పోనిమ్మన్నాను.