పాత కంప్యూటర్ ప్లగ్గు

సూరత్‌లో మా బట్టల మిల్లు కంప్యూటర్ల బాధ్యత నాది. ఏ మరమగ్గం మీద ఎన్ని మీటర్లు నేశారో చూపించే సాఫ్ట్‌వేర్‌ను విండోస్ నుంచి లినక్స్‌కు మార్చే పని సేఠ్ ఒక ఇంజనీరుకు అప్పగించాడు. ఏళ్లుగా ఎవరు మార్చబోయినా మొరాయిస్తున్న ఆ సాఫ్ట్‌వేర్‌ను అతను వారంలో మార్చేశానంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అందుకే అతను కొత్త కంప్యూటర్ పెట్టినా పాత కంప్యూటర్‌ను తీయనివ్వలేదు. నెల రోజులు పొద్దున్నే రెండింటి నుంచీ రిపోర్టులు తీసి పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క అంకె తేడా లేదు. పాతదాంట్లోని తప్పులు కూడా కొత్తదాంట్లో అలాగే వచ్చాయి. దాంతో నా అనుమానం ఇంకా ముదిరింది.

"రోజూ సరిచూసేది మీరే కదా, ఇంకా ఏంటి అనుమానం?" అన్నాడు ఇంజనీరు నవ్వుతూ, హిందీలో. నాకు ఒళ్లు మండింది.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్ నుంచి వచ్చే మా మగ్గాల మేస్త్రీ ఒకరోజు నా గదికి వస్తే ఇదంతా చెప్పాను. కరీంనగర్ వైపు మనిషి, మరమగ్గాన్ని సాంచా అంటాడు.

"గింత పరేషాన్ ఎందుకు సార్? ఏ మోటర్ ఏ సాంచాను తిప్పుతున్నదో తెల్వకుంటే మేం ఒకటి బంద్ వెట్టి సూస్తం" అంటూ, నేను వద్దనేలోపే పాత కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు.

పక్కనున్న కొత్త కంప్యూటర్ తెర మీద అంకెలన్నీ మాయమయ్యాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ మారలేదు. కొత్తది ఇన్నాళ్లూ పాతదాంట్లో ఉన్నదాన్నే చూపిస్తూ వచ్చింది.

ఇంజనీరును చెడామడా తిడదామని ఫోన్ తీశాను. ఎదురుగా టేబుల్ మీద నెల రోజుల రిపోర్టులు ఉన్నాయి. ప్రతిదాని కిందా "సరిచూశాను" అని రాసి, సంతకం పెట్టింది నేనే.