క్వారీ నీళ్లలో తాడు

దెయ్యం పట్టడం, గాలి సోకడం లాంటి మాటలకు మా ఇంట్లో చోటు లేదు. నర్సీపట్నంలో మాది మిషన్ చర్చి కుటుంబం. అమ్మ కొయ్యూరు వైపు ఆస్పత్రిలో నర్సు, నాన్న స్కూలు బస్సు డ్రైవరు. ఎవరైనా ఏదో కనిపించిందని భయపడుతూ వస్తే అమ్మ ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసేది. నేనూ అమ్మ కూతుర్నే. ఇప్పుడు రాస్తున్నది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు రూతు. విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు స్నేహితురాళ్లతో సరదాగా ఒకసారి స్కూబా డైవింగ్‌కి వెళ్లాను. నీటి అడుగున ఉన్నది కాసేపే. పైకి వచ్చాక మాత్రం ఇంకో ఉద్యోగం మీదకి మనసు పోలేదు. ఇంట్లో గొడవపడి కోర్సులు చేశాను. తర్వాతి మెట్టు డైవ్ మాస్టర్ ఇంటర్న్‌షిప్. కొన్ని నెలలు ఒక ఇన్‌స్ట్రక్టర్ చేతికింద పని చేయాలి. ఈ మనిషి పనికొస్తుంది అని ఆయన సంతకం పెడితేనే ఇంకొకరిని నీళ్లలోకి తీసుకెళ్లే హక్కు మనకి వస్తుంది. ఆయన కాదంటే అంతే.

నన్ను తీసుకున్నది విశాఖలోని ఒక చిన్న సెంటర్. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ ప్రకాష్ గారు. మునిగిపోయిన పడవలు బయటికి తీసే పనిలో చాలా ఏళ్లు గడిపిన మనిషి. వానాకాలం కావడంతో సముద్రంలో దిగే వీలు లేదు. అందుకని శిక్షణకి ఒక పాత నల్లరాయి క్వారీ చూశారు. అది నర్సీపట్నం నుంచి రావికమతం వెళ్లే దారిలో, జీడితోటల వెనక ఉంది. రాయి తీయడం ఆపేశాక గొయ్యి నిండా నీళ్లు చేరాయి. అలా సముద్రం కోసం ఊరు వదిలిన నేను మళ్లీ మా ఊరికే వచ్చి పడ్డాను.

మొదటి రోజే ప్రకాష్ గారికి నేనంటే పడదని అర్థమైంది. నాతో పాటు ఇంకో ఇంటర్న్ ఉన్నాడు, కిరణ్ అని విశాఖ అబ్బాయి. వాళ్లిద్దరూ బస్టాండు దగ్గర లాడ్జిలో ఉండేవారు. నేను ఇంటి నుంచి స్కూటీ మీద వెళ్లేదాన్ని. "అమ్మ పెట్టిన కేరేజీ తినీసి వొచ్చి డైవర్ అయిపోదామనేటి?" అన్నారు ఆయన అందరి ముందూ. గాలి సిలిండర్లన్నీ నాతోనే మోయించేవారు. కాలు జారితే కిరణ్ నవ్వేవాడు. నేను పళ్లు బిగించి మోసేదాన్ని.

తోట వాళ్లకీ మేము గిట్టలేదు. పక్క జీడితోట యజమాని ఒక పెద్దాయన, ఎప్పుడు చూసినా మొహం ముడుచుకునే ఉండేవాడు. దారికి అడ్డంగా ముళ్లకంప వేయించేవాడు. మేము తీసి పక్కన పెడితే మర్నాటికి మళ్లీ ఉండేది. ఒకరోజు నేనే వెళ్లి మర్యాదగా అడిగాను.

"మీకు మావల్ల ఇబ్బంది ఏమిటండీ?"

"మీరు దిగడమే ఇబ్బంది. ఎల్లిపోండి బేగి."

"ఇందులో ఎవరైనా చనిపోయారా?"

ఆయన నన్ను కిందనుంచి పైకి చూశాడు. "నీల్లున్న కాడ సావులుండవేటి?" అని తోటలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎంత మందిని అడిగినా ఇంతకంటే ఎక్కువ ఎవరూ చెప్పలేదు.

ఆ నీటి గురించి చెప్పాలి. పైనుంచి చూస్తే ఆకుపచ్చగా, కదలిక లేకుండా ఉంటుంది. కొంచెం లోతుకి వెళ్లగానే ఒక్కసారిగా చల్లబడుతుంది. అడుగున సన్నటి రాతిపొడి ముద్దలా పేరుకుని ఉంది. కాలికి తొడుక్కునే ఫిన్ తగిలితే చాలు, అది మబ్బులా లేచి చాచిన చెయ్యి కూడా కనిపించదు. చేపలు లేవు. నాచు కూడా లేదు. సముద్రంలో నన్ను ఎవరో ఎత్తుకున్నట్టు ఉండేది. ఇక్కడ మాత్రం ఎవరి ఇంట్లోకో పిలవకుండా వెళ్లినట్టు ఉండేది.

ఆ రోజు నాకూ కిరణ్‌కీ ఇచ్చిన పని అడుగున గోడ వెంబడి, వెనక్కి వచ్చే దారి తెలిసేలా దారం పరచడం. ఉదయం ఎండ బాగా ఉంది. దిగేముందు ఒకరి సామాను ఒకరు చూసుకున్నాం. గాలి వదిలే సిలిండర్ మీటలు పూర్తిగా తెరిచి ఉన్నాయని ప్రకాష్ గారు కూడా తన చేత్తో తిప్పి చూశారు. కిరణ్ ముందు, నేను వెనక.

సగం దూరం వెళ్లాక నా ఎడమ ఫిన్‌ని ఎవరో పట్టుకున్నారు. ఏదో తగులుకుని ఉంటుందనుకుని కాలు విదిలించాను. వదిలింది. కాసేపటికి పిక్క మీద పడింది ఆ పట్టు. వేళ్లు తెలుస్తున్నాయి. కిరణే చుట్టు తిరిగి నా వెనక్కి వచ్చి ఏడిపిస్తున్నాడనుకున్నాను. ఒళ్లు మండింది. తిరిగి చూస్తే రాతిపొడి మబ్బు తప్ప ఏమీ లేదు.

అప్పుడు నా వీపు మీద సిలిండర్ కదిలింది. తల వెనక లోహం తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. తర్వాతి ఊపిరి బరువుగా వచ్చింది. గాలి మీటర్ చూశాను. పీల్చిన ప్రతిసారీ ముల్లు పడిపోతోంది, వదిలితే అక్కడే ఆగుతోంది. మీట మూసేస్తే జరిగేది అదే. ఇంకో రెండు ఊపిర్ల తర్వాత గాలి రాలేదు.

ముందుకి దూకి చేతికి దొరికిన కాలు పట్టుకున్నాను. అది కిరణ్‌ది. అతను ముందే ఉన్నాడు. రెండు చేతులతో దారం చుట్ట పట్టుకుని ఉన్నాడు. నా సైగ చూసి వెంటనే తన దగ్గరున్న రెండో మౌత్‌పీస్ నా నోట్లో పెట్టాడు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని మెల్లగా పైకి వచ్చాం.

ఒడ్డున ప్రకాష్ గారు నా సిలిండర్ చూశారు. మీట పూర్తిగా మూసి ఉంది. ఆయన రెండు చేతులూ వాడి తెరవాల్సి వచ్చింది, అంత బిగుతుగా ఉంది. పైన రాయి కప్పు ఉంటే దానికి రాసుకుని మీట తిరగవచ్చు. అక్కడ మా నెత్తిన నీళ్లే తప్ప రాయి లేదు.

నేను కిరణ్ మీద అరిచాను. అతను నా మీద అరిచాడు. "నీకు ఊపిరి ఇచ్చినందుకా ఇది?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి అతనికి. ప్రకాష్ గారు ఇద్దరినీ తిట్టారు. ఒకడు పోకిరీ, ఒకతె పిరికిది, ఇద్దరినీ ఇంటికి పంపేస్తానన్నారు. చివరికి, "రేపు నేను దిగి చూస్తాను. అక్కడ ఏమీ లేదని తేలితే మీ ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడినట్టే. ఆ ఒకరికి సంతకం ఉండదు" అన్నారు.

ఆ రాత్రి పిక్క మీద గుర్తులు అమ్మ చూసింది. కమిలిపోయి నీలంగా ఉన్నాయి. "ఎవుడు పట్టుకున్నాడు నిన్ను? సెప్పు" అంది. కిరణ్ పేరు నా నోటి చివరి దాకా వచ్చింది. కానీ దారం చుట్ట మీద ఉన్న అతని రెండు చేతులూ నేను కళ్లారా చూశాను. తెలీదన్నాను. అమ్మ ప్రార్థన చేసింది, తర్వాత మందు రాసింది.

మర్నాడు ప్రకాష్ గారు నడుముకి తాడు కట్టుకుని ఒక్కరే దిగారు. తాడు ఆయన బెల్టుకి తిప్పి బిగించే కొక్కెంతో తగిలించాం. ఇవతలి భాగం నా చేతిలో, మిగతాది నా పక్కన చుట్టగా. ఒడ్డున రాతి అంచు మీద కూర్చున్నాను. కిరణ్ సామాను తొడుక్కుని నా పక్కనే సిద్ధంగా ఉన్నాడు. మేము మాట్లాడుకోవడం లేదు. నేను తాడు ఒకసారి గుంజితే బాగున్నారా అని అడిగినట్టు. కిందనుంచి ఒకసారి గుంజితే బాగున్నానని.

ఆయన దిగిన కొద్దిసేపటికి సన్నగా జల్లు మొదలైంది. నీటి మీద ఆయన ఊపిరి బుడగలు చినుకుల్లో కలిసిపోయి కనిపించలేదు. నాకు తాడే ఆధారం. గుంజాను. జవాబు వచ్చింది. ఆగి మళ్లీ గుంజాను. మళ్లీ వచ్చింది. తాడు కొంచెం కొంచెంగా నా చేతిలోంచి లోపలికి పోతోంది, మనిషి ఈదుతుంటే ఎలా పోతుందో అలాగే. నా మనసు కుదుటపడింది. కింద ఏమీ లేదని ఆయన పైకి వచ్చి చెబితే నా సంతకం పోతుందన్న బాధ ఒక్కటే మిగిలింది.

అంతలో కిరణ్ నా భుజం పట్టుకున్నాడు. "రూతూ, అటు చూడు."

గొయ్యికి అవతలి ఒడ్డున, రాళ్ల మీద ప్రకాష్ గారు బోర్లా పడి ఉన్నారు. మాస్కు లేదు. దగ్గుతున్నారు. ఆయన నడుముకి తాడు లేదు.

తాడు మాత్రం నా చేతిలో బిగుతుగా, నిలువుగా నీళ్లలోకి దిగి ఉంది.

నేను ఎందుకు అలా చేశానో తెలియదు. అలవాటుగా ఒకసారి గుంజాను.

కిందనుంచి ఒకసారి గుంజింది.

వెంటనే తాడు లాగడం మొదలైంది. కుదుపు కాదు. బావిలోంచి బిందె తోడేటప్పుడు చెయ్యి మీద చెయ్యి వేసి లాగుతారే, అలా ఆగి ఆగి, తీరిగ్గా. తడిరాయి మీద నా మోకాళ్లు జారాయి. అరచేతుల్లో చర్మం లేచిపోయింది. కిరణ్ వెనకనుంచి నా నడుము పట్టుకుని రాతికి కాలు తన్నిపెట్టాడు. అయినా ఇద్దరం అంచు వైపు జరుగుతూనే ఉన్నాం. అవతలి ఒడ్డునుంచి ప్రకాష్ గారి అరుపు వినిపించింది.

"వదిలీ! తాడు వదిలీయే పిల్లా!"

వదిలేశాను. నా పక్కన చుట్టగా పెట్టిన మిగతా తాడంతా విప్పుకుంటూ రాతి మీదుగా జరజరా పోయి నీళ్లలో మునిగిపోయింది. కొస కూడా మిగల్లేదు. ఆ తర్వాత చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. దాన్ని తీయడానికి ఎవరూ దిగలేదు.

ప్రకాష్ గారు సామానంతా వ్యానులో ఎక్కించారు. ఎక్కబోతూ నావైపు చూడకుండానే, "రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు" అన్నారు. నా తప్పేంటని అడిగాను. తలుపు వేసేశారు.

నేను ఊరుకోలేదు. చేతులకి కట్లు విప్పాక విశాఖ వెళ్లి సెంటర్ బయట ఆయన కోసం కూర్చున్నాను. ఆయన వచ్చారు, నన్ను చూసి వెనక్కి తిరిగారు. కిరణ్ అడ్డం నిలబడ్డాడు. "ఆ పిల్ల అబద్ధం ఆడలేదు సార్. నేనూ ఆడలేదు. మీకు తెలుసు" అన్నాడు. ఆయన లోపలికి రమ్మన్నారు. ఇంకో తీరంలో తనకి తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేసి, నా శిక్షణలో మిగిలిన భాగం అక్కడ పూర్తి చేయించమని చెప్పారు. మంచి డైవర్ అన్నారు నన్ను, ఫోన్లో, ఆ మనిషితో. నాతో ఎప్పుడూ అనలేదు.

బయటికి వస్తూ ఆగి అడిగాను. "సార్, ఆ రోజు తాడు ఎలా ఊడింది?"

"ఊడలేదు. నేనే విప్పీసేను."

"ఎందుకు సార్?"

"దిగిన కాసేపటికే తాడు నన్ను లాగడం మొదలెట్టింది. నువ్వే కంగారుపడి లాగుతున్నావనుకున్నా." ఆయన గొంతు తగ్గింది. "పైకి కాదు రూతూ. కిందకి లాగింది."

మాస్కు ఎలా పోయిందని అడిగాను. ఇంక వెళ్లమని చెయ్యి ఊపారు.

ఇప్పుడు నేను డైవ్ మాస్టర్‌ని. సముద్రంలో రోజూ దిగుతాను, భయం లేదు. ఆ క్వారీ వైపు మాత్రం వెళ్లలేదు. అక్కడ ప్రవాహం లేదు, తాడు చుట్టుకుని లాగడానికి యంత్రం లేదు, మేం ముగ్గురం తప్ప నీళ్లలో దిగిన మనిషి లేడు. నాకు తెలిసిన ప్రతి డైవర్‌నీ అడిగాను. ఎవరి దగ్గరా సమాధానం లేదు.

లాగడం గురించి నేను అంతగా ఆలోచించను. నాకు అర్థం కానిది ఇంకొకటి. సార్ తాడు విప్పేసింది దిగిన కాసేపటికే. ఆ తర్వాత కూడా నేను వర్షంలో కూర్చుని, బాగున్నారా అని ఎన్నోసార్లు అడిగాను. అడిగిన ప్రతిసారీ, కొంచెం కూడా ఆలస్యం లేకుండా, బాగున్నానని జవాబు వచ్చింది.