స్వరూప మాటలు నా నోట వచ్చిన రోజు

దయ్యాలనీ ఆత్మలనీ నమ్మే మనిషిని కాను నేను. మా నాన్న కొత్తగూడెంలో ముప్ఫై ఏళ్లు బొగ్గు గనిలో దిగాడు. మా క్వార్టర్స్‌లో ఎవరైనా దయ్యం సంగతి ఎత్తితే పడీపడీ నవ్వేవాడు. నేను చదివింది బోటనీ. కంటితో చూసింది తప్ప మరొకటి రాయకూడదని మాకు నేర్పారు. ఇది కూడా అలాగే రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఉంది. అది దాచి మిగతాది చెప్పడం కుదరదు.

స్వరూప, నేను ఖమ్మంలో డిగ్రీ కలిసి చదివాం. మూడేళ్లూ హాస్టల్లో ఒకే గది. ఆమెది కోయవాళ్ల ఊరు. భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్తుంటే రోడ్డు దిగి అడవిలోకి పోవాలి. వాళ్లమ్మతో ఫోన్లో కోయ భాషలో మాట్లాడేది. కోపం వస్తే మరీ వేగంగా మాట్లాడేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని కానీ ఒక్క ముక్క నేర్చుకోలేదు. నేర్చుకోవాలని అనిపించనూ లేదు.

వాళ్ల నానమ్మ అడవిలో తవ్వి తెచ్చే గడ్డల గురించి స్వరూప ఒక లాంగ్ నోట్‌బుక్ నిండా రాసుకుంది. ఏ గడ్డ ఏ కాలంలో తవ్వాలి, ఏది పచ్చిగా తింటే గొంతు దురద పెడుతుంది, దాని చేదు విరగాలంటే ముక్కలు కోసి ఎంతసేపు వాగునీళ్లలో ఉంచాలి. పేజీ పేజీకీ పెన్సిల్ బొమ్మ, పక్కన అతికించిన ఆకు.

ఫైనలియర్‌లో ఇద్దరం జర్మనీలో ఒక మాస్టర్స్ కోర్సుకి అప్లై చేద్దామనుకున్నాం. లైప్‌జిగ్ అనే నగరం. ఎంపికైతే స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. గడువు దగ్గర పడ్డాక స్వరూపకు జ్వరం వచ్చింది. ఇంటికి వెళ్తూ తన సర్టిఫికెట్లు, పాస్‌వర్డ్, ఆ నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది.

"మా ఊళ్లె నెట్ ఉండదు గదా మాధవీ. నాది గూడ నువ్వే పంపియ్యి."

కొత్తగూడెంలో నెట్ సెంటర్‌కి వెళ్లాను. నా ప్రాజెక్టు కాగితం మళ్లీ చదువుకున్నాను. మిరప తెగుళ్ల మీద సీనియర్ల దగ్గర ఎత్తి రాసిన రెండు పేజీలు. పక్కన స్వరూప నోట్‌బుక్. ఒకే కాలేజీ నుంచి ఇద్దరిని తీసుకోరని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆకులు అతికించిన పేజీలు ఒక్కొక్కటే ఫోటో తీసి, ఆ పనంతా నాదేనని రాసి పంపాను. ఆమె అప్లికేషన్ పంపలేదు.

నాకు సీటు వచ్చింది. స్వరూపకు ఫోన్ చేసి తనకు రాలేదని చెప్పాను.

"ఏం తక్కువైందంట?" అని అడిగింది.

నేను ఏదో ఒకటి చెప్పాలి. "ఇంగ్లీష్ బాగలేదన్నరు" అన్నాను.

"అవ్. నా ఇంగ్లీష్ గట్లనే ఉంటది" అంది.

ఆ వానాకాలం ఆమెకు మళ్లీ జ్వరం తిరగబెట్టింది. వాగు పొంగి దారి మూసుకుపోయింది. రెండు రోజుల తర్వాత ట్రాక్టర్ మీద వాగు దాటించి భద్రాచలం దవాఖానాకు తెచ్చేసరికి ఆలస్యమైంది. చనిపోయిందని కబురు వచ్చిన రోజు నేను వీసా పని మీద హైదరాబాద్‌లో ఉన్నాను. వెళ్లలేదు.

పది రోజులకు వాళ్లమ్మ ఎవరి ఫోన్ నుంచో చేసింది. "బిడ్డా, దాని పుస్తకం నీ దగ్గరున్నదా? దాని గురుతుగ ఉంచుకుంట."

"లేదమ్మా" అన్నాను. అది అప్పటికే నా సూట్‌కేసులో ఉంది.

లైప్‌జిగ్ వెళ్లిన మొదటి వారంలోనే మొదలైంది. ఒక పరిచయ సమావేశంలో ఒక్కొక్కరూ లేచి ఏ విషయం మీద పని చేస్తున్నారో చెప్పాలి. నా వంతు వచ్చింది. "నా ప్రాజెక్టు" అన్నానో లేదో గొంతులో దురద ఎత్తుకుంది. మామూలు గరగర కాదు. పచ్చి గడ్డ కొరికినట్టు నాలుక మొదలు నుంచి లోపలి దాకా పట్టేసింది. కళ్లవెంట నీళ్లు కారాయి. నీళ్లు తాగినా తగ్గలేదు. కూర్చున్నాక దానంతటదే పోయింది.

తర్వాత ఆ పని గురించి మాట్లాడబోయిన ప్రతిసారీ అంతే. వాతావరణం గురించి, కూరగాయల ధరల గురించి ఎంతసేపు మాట్లాడినా ఏమీ అయ్యేది కాదు. డాక్టర్ గొంతులోకి చిన్న కెమెరా పంపి చూసింది. వాపు లేదు, ఎలర్జీ లేదు, అంతా బాగానే ఉందని కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. చలి పడక అనుకున్నాను.

నవంబర్‌లో సెమినార్. ఉదయం పదకొండు గంటలు. గదిలో పన్నెండు మంది, ఒక ప్రొఫెసరమ్మ. నా మాట ఎలా ఉందో తర్వాత చూసుకుందామని, తెరెసా అనే బ్రెజిల్ అమ్మాయిని నా ఫోన్లో రికార్డ్ చేయమన్నాను. మొదటి స్లైడ్ పెట్టి గుడ్ మార్నింగ్ అన్నాను. అంతవరకే గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది కుర్చీలో కూర్చుని ఉండడం. తెరెసా నా చేతిలో నీళ్ల గ్లాసు పెడుతోంది.

ప్రొఫెసరమ్మ మెత్తగానే అడిగింది, ఇంగ్లీష్‌లో చెప్పకుండా మీ మాతృభాషలో ఎందుకు చెప్పారని.

గదికి వెళ్లి రికార్డింగ్ విన్నాను. ఏడు నిమిషాలు. గొంతు నాదే. అందులో సందేహం లేదు. కానీ అది తెలుగు కాదు. హాస్టల్ గదిలో మూడేళ్లు విన్న భాష. ఆ వేగం కూడా నాకు తెలుసు. కోపంగా ఉన్నప్పటి స్వరూప వేగం. మధ్య మధ్య నా పేరు వస్తోంది. పిలిచినట్టు లేదు. ఎవరికో నా మీద చెప్తున్నట్టు ఉంది.

రెండోసారి కాగితం చూసి చదివాను. మూడు వాక్యాలు ఇంగ్లీష్‌లో వచ్చాయి. నాలుగోది కోయలో వచ్చింది. మూడోసారి ప్రొఫెసరమ్మ గదిలో ఆమె ఎదురుగా కూర్చుని నిజం చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు కూడా నోరు తెరిస్తే అదే భాష. ఆమె మొహంలో భయం చూశాను. చివరికి చేసిందంతా ఉత్తరంగా రాసి ఇచ్చాను. స్కాలర్‌షిప్ రద్దయింది. నన్నెవరూ తిట్టలేదు. ఫిబ్రవరిలో తిరిగి వచ్చేశాను.

వచ్చిన నాలుగో రోజు నోట్‌బుక్ తీసుకుని స్వరూప వాళ్ల ఊరు వెళ్లాను. ముందే ఫోన్ చేయలేదు, ఎవరికీ చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం. వాళ్లమ్మ ఇంటి ముందు చింతపండు గింజ తీస్తోంది. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది. ఆమె ఒళ్లో నోట్‌బుక్ పెట్టాను. పేజీలు తిప్పకుండా అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

జరిగింది చెప్పబోయాను. గొంతులో మళ్లీ ఆ దురదే ఎత్తుకుంది. ఇక చేసేదిలేక ఫోన్ తీసి ఆ రికార్డింగ్ పెట్టాను.

మొదటి మాటకే ఆమె తలెత్తింది. నా వైపు కాదు, ఫోన్ వైపు చూసింది. కాసేపటికి "ఊఁ" అంది. తర్వాత కోయలో ఏదో అడిగింది. ఫోన్‌లో నా గొంతు ఆగి, మళ్లీ మొదలైంది. ఆమె మళ్లీ ఏదో అంది. ఆ గొంతు మళ్లీ ఆగింది, ఆమె మాట పూర్తయ్యాకే అందుకుంది. ఆ రికార్డింగ్‌లో అక్కడక్కడా ఖాళీలు ఉన్నాయి. నేను తడబడిన చోట్లు అనుకున్నాను. ఆమె మాటలు సరిగ్గా ఆ ఖాళీల్లోనే పడ్డాయి. ఒక్కటి ముందు కాదు, ఒక్కటి వెనక కాదు. మూడు నెలల కిందట ఎక్కడో రికార్డయిన మాటతో తల్లి కూర్చుని మాట్లాడుతుంటే నేను మంచం పట్టె పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవలేదు.

"నెట్ సెంటర్ల కూసోని దాని పేజీలు ఫోటో తీస్కున్నవట. దాని కాయితాలు పంపనే లేదట." నేను తల దించుకున్నాను. "ఇంగ్లీష్ రాదన్నవట గదా. ఆ భాష నీ నోట్లె నిలవనియ్యనన్నది. నువ్వు యాడ నిలబడితె ఆడ నేనే మాట్లాడత అన్నది."

"అమ్మా, తప్పయిపోయింది. ఇడిసిపెట్టమని మీరన్నా చెప్పుండ్రి" అన్నాను. ఆ మాట మాత్రం తెలుగులోనే, బాగానే వచ్చింది.

"నేనెందుకు చెప్త? సచ్చే ముందు రోజు గూడ నా ఇంగ్లీష్ ఇంత అధ్వానమా అమ్మా అనడిగింది. దాన్నేమని ఆపాల్నే? ఆపను."

నేను లేచాను. అప్పుడు ఒకటి అడగకుండా ఉండలేకపోయాను. రికార్డింగ్ చివర్లో కోపం లేని ఒక వాక్యం ఉంది. చాలా నెమ్మదిగా, ముద్దుగా అన్నట్టు ఉంటుంది. ఎన్నో వందలసార్లు విన్నాను. అదేమిటని అడిగాను.

"అది నీకు గాదు. నాకు చెప్పింది" అంది.

నా ఫోన్ నుంచి ఆ రికార్డింగ్ పక్కింటి అమ్మాయి ఫోన్లోకి ఎక్కించుకుంది. ఇంక ఈ దిక్కుకు రాకు అని చెప్పింది.

ఇప్పుడు ఏన్కూరులో ఒక ఎరువుల దుకాణంలో పని చేస్తున్నాను. అక్కడ ఇంగ్లీష్ అవసరం లేదు. తెలిసిన సైకాలజీ లెక్చరర్ ఒకామె, మూడేళ్లు విన్న భాష మెదడులో ఎక్కడో ఉండిపోయి తప్పుచేసిన భయానికి బయటపడిందంది. అయి ఉండొచ్చు. మరి తల్లి అడగబోయే ప్రశ్నలకు మూడు నెలల ముందే సందు వదిలింది ఎవరో ఆమె చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేను. కోయ వచ్చిన వేరే ఎవరినైనా పిలిచి ఆ ఆఖరి వాక్యం చెప్పించుకోవడం నిమిషం పని. ఇంతవరకు ఆ పని చేయలేదు. నా నోటితో అన్న మాటే అయినా, అది ఆ తల్లీకూతుళ్లదే.