చిత్రిక పట్టించిన తాత

మా వంశం పేరును నేనే దగ్గరుండి చిత్రిక పట్టించిన వైనం చెబుతాను. నవ్వుకోండి, కానీ మధ్యలో ప్రశ్నలు వేయకండి. రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

మా తాతకు తాత స్వీడన్ దేశస్థుడు. పేరు నిల్స్. ఓడలో వడ్రంగిగా కాకినాడ వచ్చి, మరియమ్మను చూసి, ఓడను వెళ్ళిపొమ్మన్నాడు. ఊరివాళ్ళు ఆయన్ను నీలయ్యను చేశారు. పడవలు చేస్తూ, ఎండుచేపల పులుసు తింటూ, పిల్లికళ్ళ పిల్లలను కని అక్కడే మట్టిలో కలిశాడు. మాకు మిగిలినవి ఆ కళ్ళూ, ఆయన చేసిన ఒక చెక్కా.

ఆ చెక్క దేనికో ఎవరికీ తెలియదు. మేం అరిసెలు నొక్కుకునేవాళ్ళం. అబుదాబిలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చేటప్పుడు, కొత్తది కొనడం దండగని బొంతలో చుట్టి తెచ్చుకున్నాను.

కరోనా తగ్గాక ఒకరోజు మా అమ్మాయి అంది:

"అమ్మా, నీలయ్య తాత అన్నగారి వంశంలో ఒకావిడ దుబాయ్‌లో ఉందంట. పేరు ఇంగ్రిడ్. నెట్‌లో కలిసింది, తాత చేసిన చెక్క మన దగ్గరుందని చెప్పాను. మన చెక్క చూడ్డానికి శనివారం వస్తానంటోంది."

"వాళ్ళ దేశంలో చెక్కల్లేవా?"

"పాతది కదమ్మా."

పాతదంటే మురికిదని నా లెక్క. తరతరాల నూనే బెల్లమూ పట్టి అది కాలిన పెనంలా ఉంది. అమ్మాయి డ్యూటీకి వెళ్ళగానే మా పేట బనియాస్‌లోనే ఉండే జగిత్యాల వడ్రంగి మల్లేశం దగ్గరికి పట్టుకెళ్ళాను.

"పెద్దమ్మా, దీనిమీద ఏవో గీతలున్నయి. ఉంచాల్నా?"

"ఎలకలు కొరికుంటాయి. గీకెయ్."

"ఎలుకలు గింత సక్కగ కొరుకుతయా?"

"నువ్వు నాకు పాఠాలు చెప్పకు. కూలి కింద అరిసెలిస్తాను."

"అరిసెలంటే యల్లా, ఇగ షురూ! ఇప్పుడే ఖలాస్ చేస్త."

చెక్క పెళ్ళికూతురిలా మెరిసింది. డబ్బాలో ఉన్న అరిసెలన్నీ అతనికిచ్చి, చుట్టానికని ఒక్కటి ఉంచాను. ఒక మనిషికి ఒకటి చాలదా, మీరే చెప్పండి.

ఇంగ్రిడ్ వచ్చింది. నా గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసింది. టీతో అరిసె కొరుకుతూ చెప్పినదంతా మా అమ్మాయి తెలుగులో చెప్పింది.

"వాళ్ళ ఊళ్ళో పెళ్ళాడబోయేవాడు బట్టలు సాపు చేసే చెక్క తనే చెక్కి పిల్లకిస్తాడంట. దానిమీద ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలూ వేస్తాడంట. అవి కనబడితే మనం వాళ్ళవాళ్ళమే అంటోంది. చెక్క తేమ్మా."

మల్లేశం చూపిన గీతలు గుర్తొచ్చాయి. అయినా తెచ్చాను. ఇంగ్రిడ్ అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెండువైపులా పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. వేళ్ళతో తడిమి తడిమి ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంది.

"అమ్మా, ఏం చేశావు?"

"శుభ్రం చేశాను."

అంతలో మా అమ్మాయి చూపు ఇంగ్రిడ్ చేతిలో మిగిలిన సగం అరిసె మీద పడింది. గీకించక ముందు ఆ చెక్కతో నొక్కిన అరిసె అది. దానిమీద ఉబ్బెత్తుగా ఒక అక్షరం ఉంది.

"ఇదిగో 'ఎమ్'. మరియమ్మ."

"మరి తాతేడే?"

"ఆవిడ పొట్టలో."

మల్లేశానికి ఫోన్ చేశాం. "మా రూమోళ్ళు నిన్ననే తినేసిండ్రు పెద్దమ్మా. మస్తున్నయ్."

ఇంగ్రిడ్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, నన్ను కావలించుకుని, మరియమ్మ అవ్వను టిష్యూలో చుట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ సాయంత్రమే బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట చుట్టం వస్తోందంటే నా ముఖం తప్ప ఇంట్లో ఏదీ కడగను. ఆ చుట్టానికి, ప్రాణం ఎంత గిలగిలలాడినా సరే, రెండు అరిసెలు పెడతాను.