నల్లా నీళ్ల డ్రమ్ము

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మాకు నల్లా రెండు రోజులకొకసారి వచ్చేది. డెంగీ సర్వేకి వచ్చిన మున్సిపాలిటీ ఆమె మా డ్రమ్ములో టార్చి వేసి చూసి, దోమ పురుగులున్నాయంటూ నన్ను అడగకుండానే బోర్లించింది. రెండు రోజుల నీళ్లు మోరీలో పోయాయి. ఒళ్లు మండి, చేతిలోని ఇత్తడి చెంబుతో ఆమె నుదుటి మీద కొట్టాను. కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుని, మా తలుపు మీద సుద్దతో తేదీ రాసి వెళ్లింది.

తర్వాతి శుక్రవారం మళ్లీ వచ్చింది. నుదుటిన నాలుగు కుట్లు చూసినా నా నోట క్షమించమనే మాట రాలేదు.

"అమ్మా, ఈసారి మీరే పారబొయ్యుండ్రి. నేను గీడ నిలబడి చూస్తా" అంది.

నీళ్లు తోడడానికి అదే చెంబు ఎత్తాను. ఆమె చెయ్యి గబుక్కున కుట్ల మీదికి పోయింది.